పెంటమ్మ స్మార్టు కార్డు

పెంటమ్మని ఒక ముసలిది ఉండేదంట. ముసలిదంటే ఎంత ముసలిదనుకున్నారు, ఊళ్లో తాటిచెట్లన్నీ దాని కళ్లముందు మొలిచినయ్యే! దానికి ముందు పుట్టినోళ్లందరూ పురిట్లోనే పోతుంటే, దీన్ని పుట్టంగానే వాళ్లమ్మ పెంటకుప్ప మీద పడేసి, ఎత్తుకున్నామెకి చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కుందంట. పెంటమ్మని పేరు పెడితే యముడు ఛీ అని ముక్కు మూసుకుని పోతాడని. పోయాడు కూడా! పోయినోడు దాని ఊసే మర్చిపోయాడు. అట్టా హాయిగా బతుకుతుంటే ఏమైందంటే, ఊళ్లోకి స్మార్టు కార్డులొచ్చినయ్. కార్డు లేకపోతే బియ్యం లేవని దండోరా. పెంటమ్మ పోయి, ఏం నాయనా, దీంతో ఏమవుద్ది అంటే, ఆ కార్డులాయన, "కన్ను, వేలు, మొహం అన్నీ ఇందులో ఎక్కిస్తాం మామ్మా. నువ్వు ఏ మూలున్నా ఫలానా అని ఇట్టే తెలిసిపోద్ది" అన్నాడంట. ముసలిది రెండడుగులు వెనక్కేసింది. "పైనోళ్లక్కూడానా?" "పైనోళ్ల కోసమే కదా ఇదంతా!" అన్నాడాయన, ఢిల్లీ అనుకుని. ఇదేమో యముడనుకుంది.

తీసుకుంటే యముడు, తీసుకోకపోతే ఆకలి. ఆకలికి ఆగలేం కదమ్మా, పోయి కూర్చుంది. ఫొటో తీసేటప్పుడు భయానికి కళ్లు తేలేసి నోరు తెరిచిందనుకో, ఈగలేం ఖర్మ, కాకులు దూరి గూడు కట్టుకోవచ్చు!

కార్డు చేతికొచ్చిన రోజే, మిట్టమధ్యాన్నం యమభటుడు దిగాడు. వాళ్ల దొర దున్నపోతుని గుంజకి కట్టేసి, "పెంటమ్మంటే నువ్వేనా? ఇన్నేళ్లూ ఎట్టా తప్పించుకున్నావే! ఏదీ కార్డు?" అన్నాడంట. కొంగుముడి విప్పి ఇచ్చింది. ఫొటో చూస్తాడు, దీని మొహం చూస్తాడు, మళ్లీ ఫొటో చూస్తాడు. "ఇదేంటి, మాడిన వంకాయకి పళ్లు మొలిచినట్టుంది! ఇది నువ్వు కాదు" అన్నాడు. నేనే నాయనా అనబోయి నాలిక్కరుచుకుని, "కాదుగదా మరి!" అంది. "వేరే మనిషిని పట్టుకెళ్తే మా దొర నా తోలు తీస్తాడు. ఫొటో దిద్దించుకుని ఉండు, మళ్లీ వస్తా" అని దున్నపోతెక్కాడు. అప్పట్నించీ వస్తానే ఉన్నాడంట. "దిద్దించావా మామ్మా?" "పోయా నాయనా, సర్వరు లేదన్నారు." దున్నపోతుకి దారి అలవాటై, అదొక్కటే వచ్చి కుడితి తాగి పోతందంట.

నవ్వుతారేంటే? మీ కార్డుల్లో మీ మొహాలు మాత్రం చక్కగా ఉన్నయ్యా? ఏడవకండి, దాచుకోండి. ఇదిగో నాది. ఇందులో ఉన్నది నేనంటారా, మా మేకంటారా? మేకేగా! దిద్దిస్తా పద మామ్మా అని మొన్న సర్పంచొచ్చాడు. నా చావు కోరి వచ్చావట్రా అని చీపురు తిరగేశా.