ఉర్బానో ఇచ్చిన ఆర్డరు

పసిటా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉర్బానో కోతలు మొదలుపెట్టాడు. ఒక చేతిలో కాఫీ, చంకలో ఎప్పటిలాగే పందెం పుంజు. ఆ సముద్రపుటొడ్డు ఊళ్ళో తుఫాను వెలిసి వారమైంది. బడిలో మకాం వేసిన సైనికులు దారులు బాగుచేసి, బియ్యం పంచి, ఆ పూటే వెళ్ళిపోతున్నారు.

సైన్యం ఎంత పెద్దదైనా, ఊరివాళ్ళు పిలిస్తేనే వస్తుందట, ఊరిపెద్ద చెప్పిన పనే చేస్తుందట. అంతవరకూ నిజమే. కానీ తుఫాను రోజు ఊరిపెద్దకి గొంతు పోయిందట. అందుకని పడవలు ఎటు వెళ్ళాలో ఉర్బానోనే చెప్పాడట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవలు చాల్లేదు. మా ఇంటి కప్పు పీకి నీళ్ళ మీద పడేశా. సగం ఊరు ఎక్కేసింది."

మిగతా సగం ఏమైందని జాలరి డోమెంగ్ అడిగాడు.

"ఈదుకుంటూ లాక్కొచ్చా. సైనికులు అలిసిపోతే వాళ్ళనీ ఎక్కించుకున్నా. ఈలోగా హెలికాప్టరు గాలికి కొట్టుకుపోతోంది. తాడు పట్టుకుని, మేకని కట్టినట్టు కొబ్బరిచెట్టుకి కట్టేశా. జనరల్ దిగొచ్చి, అయ్యా, ఇక మాకు సెలవిప్పిస్తారా అని నన్నే అడిగాడు."

పసిటా గ్లాసు కడుగుతూ తలెత్తకుండానే అంది. "నువ్వు పీకానన్న కప్పు ఇంకా నీ ఇంటి మీదే ఉంది మావా. ఆ రోజు దాని మీద నీ పక్కన కూర్చున్నది నేనే. నువ్విచ్చిన ఆర్డరు ఒక్కటే. పడవెక్కాక, నాయనా నా పుంజు ఉండిపోయిందని ఏడ్చావు. సైనికుల్లో ఆర్నెల్ అనే ఆ కుర్రాడు మెడలోతు నీళ్ళలో వెనక్కెళ్ళి, దాన్ని నెత్తిన పెట్టుకొచ్చాడు. అతనికి ఇంతవరకూ ఒక్క మంచిమాట చెప్పలేదు నువ్వు. లారీ చప్పుడు వింటున్నావా?"

ఉర్బానో కాఫీ వదిలేసి లేచాడు. పుంజుతో సహా బడి వైపు పరుగెత్తాడు.

లారీ కదలబోతుంటే దాని పక్కకి చేరాడు. పుంజుని రెండు చేతులతో పైకెత్తి ఆర్నెల్‌కి అందించాడు. ఆ ఊళ్ళో మగవాడు తన పందెం పుంజుని ఇంకొకరికి ఇస్తే, ఇక నోటితో చెప్పేదేముంటుంది?

ఆర్నెల్ దాని మెడ నిమిరి తిరిగిచ్చేశాడు. "మీ దగ్గరే ఉండనివ్వండి బాబాయ్. మళ్ళీ నీళ్ళొస్తే, దీని కూత వింటే మీరెక్కడున్నారో నాకు తెలుస్తుంది."

మర్నాడు మళ్ళీ అదే బల్ల, అదే కాఫీ. ఈసారి ఉర్బానో కథలో నీళ్ళు కొబ్బరిచెట్ల తలల్ని దాటాయి. వాటిలో ఒక సైనికుడు నడుచుకుంటూ వచ్చాడు. ఆ నీళ్ళు అతని మోకాళ్ళక్కూడా రాలేదు. భుజాల మీద ఊరంతా ఉంది, నెత్తి మీద పుంజు ఉంది.

పసిటా గ్లాసు పక్కన పెట్టి వింది. ఆ కోతకి ఎవరూ అడ్డు చెప్పలేదు.