భూమిని తోసినవాడు

నా పేరు ఒనోరే. పారిస్‌లో పుట్టాను, అక్కడి మహానుభావుల సమాధి మందిరం పాంథియాన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు కాపలా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కోతలు కోయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మొన్న గురువారం ఆ జబ్బు ఎలా కుదిరిందో చెప్తాను, వినండి. నవ్వుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం. నేనైతే ఇంకా తలెత్తుకోలేకపోతున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ, పాంథియాన్ వెనక సందులో ఓదీల్ కాఫీకొట్టులో కూర్చున్నాను. గల్లా దగ్గర ఓదీల్, నా ఎదురుగా పాతపుస్తకాలమ్మే బాజిల్. కిటికీ పక్కన ఎవరో పెద్దావిడ, కోటు కూడా విప్పకుండా, కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది. కొత్త చెవులు కనబడితే నా నోరు ఊరుకుంటుందా?

“లోపల గోపురం నించి వేలాడే ఇత్తడి గుండు ఉందే, అరవై ఏడు మీటర్ల తీగకి, దాన్ని రోజూ పొద్దున్నే పక్కకి లాగి వదిలేది ఎవరనుకున్నావు బాజిల్? నేనే! అది ఊగుతూ ఊగుతూ మెల్లిగా పక్కకి జరిగినట్టు కనబడుతుంది గానీ, జరిగేది గుండు కాదు, మన కాళ్ళ కింద భూమి. అంటే ఈ భూమిని రోజూ తోసి పంపించింది ఈ చెయ్యే అనుకోవచ్చు.”

“అనుకోవచ్చు ఏంట్రా, అనెయ్,” అన్నాడు బాజిల్. నేను ఎంత పైకెక్కితే వాడికి అంత సరదా.

“అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం, ఇరవై ఆరేళ్ళ కిందట, గుండు ఆగిపోయింది! ఇంకొకడైతే హడలి చచ్చేవాడు. నేను మాత్రం చొక్కా చేతులు మడిచి, గుండుని పట్టుకుని, ఒక్క తోపు తోశాను. కానీ ఆవేశంలో కాస్త బలం ఎక్కువైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“భూమి జోరందుకుంది,” అంది ఓదీల్, గ్లాసులు తుడుస్తూ. ఆవిడ ఈ కథ నలభైసార్లు విన్నది.

“జోరా? సుడిగాలి! బయట రొట్టెలకొట్టు వాడు పిండి కలపకముందే రొట్టె కాలి బయటికొచ్చింది. పావురాలు ఎగిరిన చోటికే తిరిగొచ్చి వాలితే అక్కడ ఇల్లు లేదు, పక్కవీధిలో ఉంది. కింద నేలమాళిగలో దేశం మొక్కే మహానుభావులు పడుకుని ఉన్నారు చూడూ, వాళ్ళ రాతిపెట్టెలన్నీ దొర్లి దొర్లి తూర్పు గోడకి వచ్చి పడ్డాయి. ఒక్కొక్కరినీ ఎత్తుకుని ఎవరి గూట్లో వాళ్ళని నేనే పడుకోబెట్టాను. ఒకాయన తలెత్తి, ‘నాయనా, నా గది ఇది కాదు, ఎదురుగా ఉన్న వాడితో నాకు పడదు’ అన్నాడు!”

బాజిల్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అప్పుడు కిటికీ దగ్గర ఉన్నావిడ అడిగింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

“ఆ రోజు లోపల ఎవరైనా ఉన్నారా అండీ?”

“ఉన్నారు మేడమ్, ఎందుకు లేరు, బడిపిల్లలు! ఎక్కడో పల్లెటూరి నించి వచ్చారు. చప్పట్లు కొట్టారు…”

ఆ మాట అంటుండగానే ఆవిడ ముఖం చూశాను. జుట్టు తెల్లబడింది, బుగ్గలు పీక్కుపోయాయి, కానీ ఆ కళ్ళని నేను మర్చిపోలేదు. ఇరవై ఆరేళ్ళుగా మర్చిపోదామనే కదా ఈ కథ చెప్తున్నది.

అక్కడ ఆగిపోవాల్సింది. బుద్ధున్నవాడైతే ఆగేవాడు. భయమేస్తే నా నాలుక ఇంకా లేస్తుంది, ఏం చెయ్యను!

“ఆ పిల్లలు గాల్లోకి లేచిపోతుంటే కాళ్ళు పట్టి కిందికి లాగాను మేడమ్! ఇరవై ముగ్గురినీ రెండు చేతుల్తో! పట్టుకుని, తీగ పట్టి పైకెక్కి, గోపురం బద్దలుకొట్టుకుని బయటికెళ్ళి, చంద్రుడికి కాలు అడ్డం పెట్టి భూమికి బ్రేకు వేశాను. సూర్యుడు ఆ రోజు రెండుసార్లు అస్తమించాడు. మంత్రిగారు ఫోన్ చేసి, ‘ఒనోరే, మూడోసారి వద్దయ్యా, రైళ్ళు ఆలస్యమవుతున్నాయి’ అని బతిమాలుకున్నాడు!”

“అవును, ఇరవై ముగ్గురే. లెక్క సరిగ్గా గుర్తుందే మీకు,” అంది ఆవిడ.

బాజిల్ నవ్వు ఆగింది. ఓదీల్ గ్లాసు కింద పెట్టింది.

“నేను మదామ్ వెర్నేజ్‌ని. క్రూజ్ జిల్లాలో టీచరుగా చేశాను. ఆ పిల్లలు నా పిల్లలే. గాల్లోకి ఎవరూ లేవలేదు. గుండు ఆగే ఉంది. మీరు తోయలేదు.”

“అది వేరే కాపలావాడేమో మేడమ్…”

“ఛీ, ఒనోరే,” అంది ఓదీల్. ఒక్క మాటే. ఆ మాట చెంప మీద పడ్డట్టు తగిలింది.

ఇంక దాచేది ఏముంది, చెప్పేశాను. ఆ మధ్యాహ్నం ఇదే కొట్టులో, ఇదే బల్ల దగ్గర భోజనం చేసి, రెండు గ్లాసులు ఎక్కువ తాగి, ముప్పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి ఊపాల్సిన గుండు, అప్పటికే ఊపు అయిపోయి ఆగి ఉంది. అందరి ముందూ మళ్ళీ ఊపితే, అది ఆగిన సంగతీ, నేను లేని సంగతీ పై అధికారికి తెలిసిపోతుంది. ఉద్యోగం పోతుందేమోనని భయం. ఈవిడ పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, ‘ఇదేంటండీ, కదలట్లేదు?’ అని అడిగింది. నేను యూనిఫాం సర్దుకుని, పిల్లలు వినేలా, ‘ఇది కదలదమ్మా. కదలకుండా ఉంటేనే భూమి సరిగ్గా ఉన్నట్టు. మీ టీచరుగారు పుస్తకం తప్పు చదివారు’ అన్నాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. కొందరు అది నోటుపుస్తకంలో రాసుకున్నారు కూడా.

చెప్తుంటే నా చెవులు కాలిపోయాయి. నాకే అసహ్యమేసింది.

“రైల్లో ఒక పిల్ల అడిగింది, ‘అయితే భూమి తిరగదా టీచర్?’ అని,” అంది ఆవిడ. “నేనేమన్నానో తెలుసా? నేనే పొరపాటు పడ్డానేమో అన్నాను. అంత పెద్ద కట్టడం, యూనిఫాం వేసుకున్న మనిషి, నేనేమో పల్లెటూరి బడిపంతులమ్మని. మీ మాటే నిజమనుకున్నాను. ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేసి తప్పు మీదే అని తెలుసుకున్నా, అప్పటికి పిల్లలకి సెలవులు ఇచ్చేశారు. మా బడిలో వాళ్ళకి అదే ఆఖరి సంవత్సరం. ఆ తర్వాత ఆ పాఠం మళ్ళీ చెప్పలేకపోయాను, సిగ్గేసి.”

“క్షమించండి మేడమ్. ఇప్పుడే రండి, నేను తీసుకెళ్తాను, పాతవాళ్ళు నన్నెరుగుదురు, దగ్గర నించి చూపిస్తాను…” లేచి నిలబడ్డాను.

“చూసే వస్తున్నానండీ,” అంది ఆవిడ. “గంటసేపు నిలబడి చూశాను. తిరుగుతోంది.”

కోటు గుండీ పెట్టుకుంటూ తలుపు దాకా వెళ్ళి ఆగింది.

“ఇప్పుడా ఇరవై ముగ్గురినీ ఎక్కడని వెతికి చెప్పమంటారు?”