పొద్దుగూకితే పడుకునే వెబ్‌సైటు

కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న గది. ఉదయం షట్టరు ఎత్తి మామగారూ కోడలూ అప్పుడే లోపలికి వచ్చారు.

“మళ్లీ ఆపేశారా మామయ్యా?”

“ఏమిటమ్మా?”

“మెయిన్ స్విచ్. నిన్న సాయంత్రం షాపు మూసేటప్పుడు ఆపేశారు. మన వెబ్‌సైటు తెల్లార్లూ గుర్రుపెట్టి నిద్రపోయింది.”

“షాపు మూస్తే మెయిను ఆపెయ్యాలి. పెళ్లి కాకముందు నుంచీ ఉన్న అలవాటు ఇది. నీ వెబ్‌సైటు నిన్నగాక మొన్న వచ్చింది.”

“ఎన్నిసార్లు చెప్పాను? మన సైటు ఎక్కడో ఆకాశంలో లేదు. ఇదిగో, ఈ బల్ల కింద ఉన్న కంప్యూటర్లోనే ఉంది. ఇది ఆగితే అదీ ఆగుతుంది. జనం ఇంటిపనులన్నీ అయ్యాక తీరిగ్గా ఫోను పట్టుకుని మన సైటు తెరిస్తే వాళ్లకేం కనపడుతుంది? ఏమీ కనపడదు.”

“అందరిలా ఎక్కడైనా అద్దెకు పెట్టించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదుగా.”

“అద్దెకు వద్దన్నదెవరు? షాపు మనది, పని మనది, సైటు మాత్రం పరాయివాళ్ల గూట్లో ఎందుకు అన్నదెవరు?”

“నేనా? అన్నానా?”

“అన్నారు. నేనూ మురిసిపోయి, పాత కంప్యూటరు దులిపి, నానా తంటాలు పడి నిలబెట్టాను. స్విచ్చి మీద ముట్టుకోవద్దని కాగితం కూడా అంటించాను.”

“కాగితం చూడలేదమ్మా.”

“అరచేయంత అక్షరాలు మామయ్యా.”

“ధ్యాసలో లేను.”

“మీ ధ్యాస సంగతి సరే. నెలాఖరులోపు పని రాకపోతే గది ఖాళీ చేసేద్దామని మీ అబ్బాయి అన్నారు. అదైనా ధ్యాసలో ఉందా?”

“లేకేం. వాడన్నదాంట్లో మాత్రం తప్పేముంది? ఇప్పుడు ఇంట్లో మిషను ఎవరు కుట్టుకుంటున్నారు, ఎవరు బాగుచేయించుకుంటున్నారు?”

“చూశారా, మాట మార్చేశారు. నన్నీ గదిలోంచి కదిలించడం ఎవడి తరమూ కాదని ఎగిరింది మీరు కాదూ?”

“ఆ మాట వదిలెయ్. ఇవాళ సైట్లో ఏం రాయిద్దాం? సూది ఊరికే ఎందుకు విరుగుతుందో చెప్పనా?”

“వద్దు బాబూ, ఇప్పటిదాకా చెప్పింది చాలు. నాలుగు ముక్కలు చెప్పి, మిగతాది షాపుకొస్తే చూస్తాం అనండి అంటే వినరు. ఏ స్క్రూ ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో, తిప్పాక ఏం చప్పుడు రావాలో పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. జనం ఎగబడి చదువుతున్నారు. చదివి, ఇంట్లోనే కూచుని బాగుచేసుకుని, మీ చేతులకు దండం అని కింద రాసి పోతున్నారు.”

“మరింకేం. జనాన్ని రప్పించాలన్నావు, రప్పించాను.”

“సైటుకి రప్పించారు. షాపుకి మాత్రం రానివ్వట్లేదు.”

“తెలిసింది దాచుకుని ఏం చేసుకోనమ్మా?”

“సరే, అది మీ మంచితనం అనుకుందాం. ఫోను సంగతేంటి? వచ్చేముందు ఫోను చేయండి అని రాయమన్నారు, రాశాను. ఫోను మోగితే మీరు ఎత్తరు.”

“పనిలో ఉంటాను.”

“ఏ పనిలో? నిన్న ఫోను మొత్తుకుంటుంటే మీరు ఖాళీ నూనె డబ్బా తుడుస్తున్నారు. నేను చూశాను.”

“జిడ్డుగా ఉంటే తుడవనా?”

“తుడవండి. ఇప్పుడందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు.”

“ఈ ఎత్తిపొడుపులన్నీ మీ అత్తయ్య దగ్గర నేర్చుకున్నావు.”

“ఆవిడ ముందు నేనెంత. అది సరే గానీ, మూలనున్న ఆ నల్ల మిషను ఎంతవరకొచ్చింది?”

“ఏ మిషను?”

“షాపు మొత్తానికి ఉన్నది ఒక్కటే మిషను, మళ్లీ ఏ మిషను అంటారేంటి? మొన్న మీరు భోజనానికి వెళ్లినప్పుడు టైలరమ్మ తెచ్చిచ్చిందని చెప్పానుగా. కుట్లు వదిలేస్తోందట. మన సైటు చూసి వచ్చిన మొట్టమొదటి మనిషి. కాసేపట్లో వచ్చేస్తుంది.”

“రేపు రమ్మను.”

“నిన్నా రేపే అన్నారు.”

“నూనె వేశానమ్మా. నానాలి.”

“ఏ డబ్బాలోంచి వేశారు? ఆ తళతళలాడే ఖాళీ డబ్బాలోంచా?”

“అంటే... దానికి లోపల కింది దారం పట్టే షటిల్ మార్చాలి. బజార్లో దొరకట్లేదు.”

“షటిల్ పాడైందని ఎవరన్నారు? మీరసలు దాని మూతే తియ్యలేదు.”

“తియ్యకుండానే తెలుస్తుంది నాకు.”

“మామయ్యా, ఒకసారి ఇటు చూడండి.”

“చూస్తూనే ఉన్నాగా.”

“నన్ను కాదు, నా చెవిని చూస్తున్నారు. కొన్నాళ్లుగా ఎవరితో మాట్లాడినా చెవి వైపే చూస్తున్నారు.”

“నీకన్నీ అనుమానాలే.”

“కాగితం చూడలేదన్నారే, అది నిజం. అలవాటన్నది మాత్రం అబద్ధం. కావాలనే ఆపుతున్నారు కదూ?”

“షట్టరు కాస్త దించమ్మా.”

“బయట ఎవరూ లేరు. చెప్పండి.”

“చూసినచోటే మసక. గోడ కనపడుతుంది, తలుపు కనపడుతుంది, రోడ్డు మీద పోయే మనిషీ కనపడతాడు. నేను దేన్ని చూద్దామనుకుంటానో అది మాత్రం కనపడదు. సూదికీ షటిల్ ముక్కుకీ మధ్య వెంట్రుకంత సందుండాలి. ఆ సందు చూసే ఇన్నాళ్లూ బతికాను. ఇప్పుడు సూదే కనపడట్లేదు.”

“డాక్టరుకి చూపించుకున్నారా?”

“చూపించుకున్నాను. ఉన్నది నిలబెట్టడానికి చూస్తారట. పోయింది రాదట. మీ అత్తయ్యతో అనకు.”

“మాకెందుకు చెప్పలేదు?”

“చెబితే అబ్బాయి ఆ మర్నాడే షాపు మూయించేస్తాడు. చెప్పకపోతే నీ సైటు చూసి జనం వచ్చేస్తారు. వచ్చినవాళ్ల మిషను పాడుచేసి పంపిస్తే? నా పని మీద ఇంతవరకు ఒక్క మాట పడలేదమ్మా. ఆ భయంతోనే మెయిను ఆపేస్తూ వచ్చాను. నాకు తెలిసిన పనంతా సైట్లో చెప్పేస్తే ఎవరి మిషను వాళ్లే బాగుచేసుకుంటారు, వాళ్ల పనీ అవుతుంది, నా పరువూ దక్కుతుంది అనుకున్నాను. నీ కష్టం అంతా మట్టిపాలు చేశాను. నీకు కోపం రావట్లేదా?”

“వస్తోంది. చాలా వస్తోంది. ఏడుపూ వస్తోంది. తర్వాత తీరిగ్గా రెండూ చేస్తాను. ముందు ఆ నల్ల మిషను దగ్గర కూచోండి.”

“చెప్పానుగా, నా వల్ల కాదు.”

“బాగుచెయ్యమనట్లేదు. గుడ్డ పెట్టాను, దారం ఎక్కించాను. ఊరికే చక్రం తిప్పండి.”

“తిప్పితే ఏముంది? టకటకా కొట్టుకుంటుంది, మధ్యమధ్య కుట్టు వదిలేస్తుంది... ఉండు. ఇదేంటి, చప్పుడు మెత్తగా ఉంది.”

“ఇప్పుడు కుట్టు తడిమి చూడండి.”

“వదల్లేదు. ఒక్క కుట్టు కూడా వదల్లేదు. ఎవణ్ణి పిలిచావు? ఆ వీధి చివర మిషన్లు బాగుచేసేవాణ్ణా? వాణ్ణి తెచ్చి నా షాపులో కూచోబెట్టావా?”

“అబ్బో, కోపం మాత్రం ఏమీ తగ్గలేదు. వాడు కాదు లెండి.”

“మరెవడు?”

“మీరు చెబుతుంటే టైపు చేసిందెవరు?”

“నువ్వు. టైపు చేస్తే మిషను బాగైపోతుందా?”

“మీరు చెప్పింది నాకు సరిగ్గా అర్థం కాకుండా రాసేస్తే జనం మిషన్లు పాడవుతాయి కదా. అందుకని ప్రతిదీ ముందు ఇంట్లో అత్తయ్య మిషను విప్పి, చేసి చూసుకుని, ఆ తర్వాతే సైట్లో పెట్టేదాన్ని. నిన్న మీరు భోజనానికి వెళ్లినప్పుడు దీన్ని విప్పాను. సూది కడ్డీ కిందికి జారింది, అంతే. కాస్త పైకి లేపి బిగించాను.”

“మీ అత్తయ్య మిషనా? ముట్టుకుంటే అరుస్తుంది, విప్పితే ఊరుకుందా?”

“ఊరుకోవడమా, టార్చి పట్టుకుని పక్కనే కూచునేది. స్క్రూ కింద పడితే మంచం కిందికి దూరి వెతికిచ్చేది. ఇంకో సంగతి. మీ కళ్ల విషయం ఆవిడకి ఎప్పుడో తెలుసు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. పేపరు ముందేసుకుని ఒకే పేజీ పట్టుకుని కూచుంటున్నారట. మీరే చెబుతారని చూస్తోంది.”

“అత్తాకోడళ్లు కలిసి నాటకం ఆడారన్నమాట.”

“మీరొక్కరే ఆడొచ్చా?”

“కింది దారం కొంచెం బిగువుగా ఉంది.”

“ఉందా? నాకు బాగానే కనపడుతోందే.”

“కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. బాబిన్ కేసు మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని...”

“వదులు చేశాను. ఇప్పుడు?”

“ఇంకొంచెం. ఆఁ, చాలు. ఇదీ కుట్టంటే.”

“నా కళ్లు, మీ వేళ్లు. ఇలా ఇద్దరం కూచుంటే గది ఖాళీ చెయ్యక్కర్లేదు మామయ్యా. మీ మీద జాలితో అనట్లేదు. ఈ పని నాకు నచ్చింది.”

“వాడేమంటాడో.”

“మీ అబ్బాయి సంగతి నాకొదిలెయ్యండి. సూది కడ్డీ బిగించడం కంటే ఆయన్ని ఒప్పించడం తేలిక.”

“ఎంత ధైర్యమే తల్లీ నీకు.”

“ధైర్యమా పాడా. అదిగో, టైలరమ్మ వస్తోంది. మామయ్యా, ఒక్క సాయం చెయ్యండి. మిషను మీరే చేశారని చెప్పండి.”

“నేనెందుకు చెప్పాలి?”

“సైట్లో ఉన్నది మీ ఫోటో. మీ మీద నమ్మకంతో ఇచ్చి వెళ్లింది. కోడలు విప్పిందంటే హడలిపోయి ఇంకోచోట చూపించుకుంటుంది. మొదటి మనిషి, బెదరగొట్టొద్దు.”

“సరేలే. ఇన్నాళ్లూ ఆడినవాడికి ఇంకో అబద్ధం బరువా?”

“మాటిచ్చినట్టేగా?”

“ఇచ్చానమ్మా, ఇచ్చాను.”

“నమస్కారమండీ. నా మిషను అయిందా?”

“అయిందమ్మా. కూచుని ఓసారి కుట్టి చూసుకో.”

“అబ్బ, ఎంత సాఫీగా పోతోందండీ. కొన్నప్పుడు కూడా ఇలా లేదు. ఇంటర్నెట్లో మీరు రాసినవన్నీ చదివాను. అందులో ఉన్నట్టు చేద్దామని చూస్తే నా వల్ల కాలేదు, అందుకే మోసుకొచ్చాను. ఆ మెకానిక్ మాస్టారు మీరేనా?”

“నేను కాదమ్మా. మెకానిక్ మా కోడలు. నేను ఇక్కడ వెబ్‌సైటు పని చూసుకుంటాను.”