అవ్వ శోకానికి చప్పట్లు

కరీంనగర్‌లో కచేరీ ఇంకా నడుస్తుండగానే ఆమె హాలు బయటికి వచ్చేసింది. వెనకాలే తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైందక్కా? మంచిగనే వింటివి గదా.”

“మంచిగనే ఉండె తమ్మీ. మైకు లేకుండ, ఒక్క తంబూర, రెండు డప్పులతోని గట్ల పాడేటోళ్లను నేనేడ చూడలే. అందరితోని నేనూ చప్పట్లు కొడుతున్న. ఆఖరికి ‘నా బుగ్గలోడా’ అని పిలిచిండ్రు. గా పిలుపు మనల కన్న అవ్వది. దుబాయినుంచి అన్న శవం పెట్టెల దిగిన్నాడు అవ్వ పెట్టిన శోకం గది. వీళ్లకెట్ల తెలిసింది?”

తమ్ముడు తల దించుకున్నాడు.

“నేనే ఇచ్చిన. ఆ దినం మస్కట్‌ల నాకు సెలవియ్యలే గదా. రూంల కూసుండి ఫోన్‌ల విన్న, రికార్డు చేసుకున్న. మొన్న వీళ్లు పాత పాటలడిగితే వినిపించిన. మంచి పాట అన్నరు.”

“పాటనా? శోకం పెట్టేదాన్ని ఇంకో ఆడమనిషి అలుముకొని ఊకుంచాలె. ఆనాడు అవ్వను నేనే ఊకుంచిన. ఇయ్యాల అదే శోకానికి చప్పట్లు కొట్టిన.”

“నన్ను ఎవరూ ఊకుంచలేదక్కా. నాలుగేండ్లసంది ఒక్కన్నే వింటున్న. నలుగుర్ల వింటే జర తేలికైతదేమో అనుకున్న.”

“అయిందా?”

“కాలే.”

లోపల జనం మళ్లీ పాడమని కేకలేశారు. తంబూర మళ్లీ మొదలైంది. ఆమె తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుని అలుముకుంది.

“ఊకో తమ్మీ, ఊకో.”

అప్పటిదాకా ఏడవని తమ్ముడు ఆ మాటకు ఏడ్చాడు. లోపల చప్పట్లు ఆగలేదు.