కోతి చెవి, కోడలి నోరు

నువ్వు గూడ మొకం తిప్పుకుంటున్నవా? తిప్పుకో, తిప్పుకో. కోతివైనా మా ఇంటి మనిషివి అయిపోయినవ్ పో!

జొరమొచ్చి, నిన్ను ఆడిచ్చే నీ ఉస్తాద్ దవాఖానకు పోతూ నిన్ను మా బర్ల కొట్టంల కట్టేసిన నాడు ఎంత సంబురపడ్డననుకున్నవ్? నా శాస్త్రానికి ఒక చెవి దొరికిందని!

శాస్త్రమంటే ఏంది? వైకుంఠం దుకాణంల బెల్లం కట్టిచ్చిన కాయితం. చీమలు దులిపి చదివిన. చెవి వింటదట గని, ఏది పట్టించుకోవాల్నో మెదడు చూసుకుంటదట. కొత్త చప్పుడైతే ఉలిక్కిపడ్తదట. అదే చప్పుడు మళ్ల మళ్ల వస్తే, పోనీ తియ్ అని ఊకుంటదట. కోతికైనా మనిషికైనా గంతేనట. ఆ తర్వాతి కాయితంల ఎవరింటికి చింతపండు పోయిందో!

నిజమేనా అని నీ మీద పడ్డ. తపేలా కొట్టిన. ఎగిరి గుంజ ఎక్కినవ్. కొట్టంగ కొట్టంగ, పేలు చూసుకోబట్టినవ్. గిలాస కొట్టిన. మళ్ల ఎగిరినవ్. వారెవ్వా! పెద్ద డాక్టర్ననుకున్న. బర్రె బెదిరి పాలియ్యలే, అది వేరే లొల్లి.

గప్పుడే దిగులు పట్టింది. మా ఇల్లు యాకుత్‌పురా పట్టాల పక్కన. కొత్త కోడలుగ వచ్చినప్పుడు రైలొస్తే గుండె జారేది. ఇప్పుడు వినపడనే వినపడదు. మరి నా గొంతు? "నన్ను బడికి పంపుండ్రి, మిడిల్ పరీక్షకు కూసుంట" అని పెండ్లయిన కాడికెళ్లి అంటనే ఉన్న. మా ఆయన బీరయ్య 'ఊఁ' అంటడు. మా అత్త వరమ్మ 'ఊఁ' అంటది. కాదనరు, కసురుకోరు. వింటే గద!

సరే, ఈ నోటి తపేలా బంద్ చేసి చూద్దామనుకున్న. నిన్న లేచిన కాడికెళ్లి నోరు తెరవలే. పండ్లు ఇకిలియ్యకు బేటా! నేను, నోరు తెరవకుండ! కడుపుబ్బింది.

ఆయన పాలు పోసి వచ్చిండు. తిన్నడు. "ఇయ్యాల అన్నం మస్తు కుదిరింది" అన్నడు. గంతే.

పొద్దుగూకంగ అత్త వాకిట్లకొచ్చి నిలవడ్డది. చెవి రిక్కించింది. నా దిక్కు చూసింది. అమ్మయ్య, దొరికింది ఒక చెవి! కండ్లల్ల నీళ్లు గూడ తయారుగ పెట్టుకున్న.

"ఏందే పిల్లా, ఏదో తక్కువైనట్టుంది... ఇయ్యాల రైలు రాలేదా?"

"వచ్చి పోయింది అత్తా" అన్న.

ఏడ్వాల్సింది. నీకొక్కనికే చెప్తున్న, లోపట సంబురమే అయింది. రైలంత ఉన్న గద!

ఇయ్యాల పొద్దుగాల మళ్ల మొదలువెట్టిన: "నన్ను బడికి పంపుండ్రి..." అత్తకు పానం నిమ్మళమయ్యింది. గోడకు ఒరిగి కునుకు తీసింది.