రేవు వీధి డాక్టరు

ఉత్తర జర్మనీలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఆసుపత్రిలో బాలింతల గది. గెషె మంచం మీద, ఆమె భర్త హౌకె కిటికీ దగ్గర ఫోనుతో.

"ఏమంటున్నారు, హౌకె?"

"అదే పాట. ఈ పిల్లల క్లినిక్‌లో కొత్త పిల్లల్ని తీసుకోవడం ఆపేశారట."

"వీళ్ళూనా?"

"వీళ్ళూనే. పక్క ఊళ్ళో ఆవిడైతే నా మాట పూర్తి కానివ్వలేదు. కడుపులో ఉన్నప్పుడే పేరు రాయించుకోవాల్సిందట."

"మరి రాయించలేదేం? నీకే కదా అప్పజెప్పాను."

"రాయిద్దామనే అనుకున్నాను, గెషె."

"అనుకుంటూనే తొమ్మిది నెలలూ గడిపావు. ఉయ్యాల కూడా అటక మీంచి నిన్ననేగా దించావు."

"దించానుగా."

"సర్లే, ఇటు రా. పాప కళ్ళు చూడు. పొద్దుటికన్నా పచ్చగా లేవూ?"

"కిటికీ వెలుతురుకి అలా కనబడుతోందిలే."

"వెలుతురు కాదు, కామెర్లు. డాక్టరమ్మ ఏమందో విన్నావుగా. రేపు రక్తం మళ్ళీ చూసే పిల్లల డాక్టరు బయట ఎవరో మనం చెబితేనే ఇంటికి పంపిస్తుంది. లేకపోతే ఇక్కడే."

"ఇక్కడే ఉందాం. ఏం పోయింది? పొద్దున రొట్టె, రాత్రి రొట్టె, మధ్యలో సోంపు టీ."

"హాస్యాలాడకు. ఈ ఆసుపత్రిలో ఇంకో రాత్రి ఉండలేను నేను. ఆ లిఫ్టు చప్పుడైతే చాలు, అప్పటి రోజులే గుర్తొస్తాయి. నీకు తెలుసు."

"తెలుసు."

"రేవు వీధి డాక్టరుకి చేశావా?"

"ఎవరు, వోలెర్సన్ గారికా?"

"ఆయనకే. చేశావా, లేదా?"

"అక్కడ కారు పెట్టడానికి చోటుండదు."

"నడిచి వెళ్దాం."

"క్లినిక్ రెండో అంతస్తులో. కుట్లతో మెట్లెక్కుతావా?"

"నేనెక్కుతాను. నువ్వు ఎక్కగలవా, అది చెప్పు."

"వేరే ఊరు చూద్దాం. గంట ప్రయాణమైనా సరే, నేను తీసుకెళ్తాను."

"ఆయన మీద కోపమా నీకు?"

"ఆయనేం చేశాడు పాపం. చెయ్యగలిగిందంతా చేశాడు."

"మరి?"

"ఎదురుచూసే గదిలో, గోడ మీద ఆ నీలం తిమింగలం ఇంకా ఉండే ఉంటుంది, గెషె."

"ఉండనీ. ఈ పాప కూడా చూస్తుంది. చేశావా, లేదా?"

"చేశాను. అందరికన్నా ముందు ఆయనకే చేశాను. కొత్తవాళ్ళు వద్దట. ఇంట్లో పెద్దపిల్లలు వాళ్ళ దగ్గరికి వస్తుంటే మాత్రం, తర్వాత పుట్టినవాళ్ళని తీసుకుంటారట."

"పెద్దపిల్లలున్నారా అని నిన్ను అడిగారా?"

"ఫోనెత్తినావిడ అడిగింది."

"ఏం చెప్పావు?"

"అడిగినదానికి చెప్పాను."

"అదే, ఏం చెప్పావు?"

"ఇంకెవరూ లేరన్నాను. ఇంకేం చెప్పమంటావు? ఫోన్లో, ముక్కూ మొహం తెలియని మనిషితో?"

"ఫోను ఇలా ఇవ్వు."

"వద్దు గెషె. నువ్వు పడుకో."

"ఇవ్వు. పాపని పట్టుకో. తల కింద చెయ్యి..."

"నాకు తెలుసు ఎలా పట్టుకోవాలో."

"తెలుసులే. మర్చిపోతావా నువ్వు."

"స్పీకరు పెట్టకు."

"పెడతాను. నువ్వూ వినాలి."

"హలో, వోలెర్సన్ గారి క్లినిక్. చెప్పండి."

"నా పేరు గెషె లోరెన్సన్ అండీ. నాకు పాప పుట్టింది. కామెర్లున్నాయి, రేపు రక్తం చూడాలట."

"కొత్తవాళ్ళని తీసుకోవడం లేదమ్మా. ఇందాక ఒకాయన కూడా..."

"కొత్తవాళ్ళం కాదు. దీని అన్నని మీ డాక్టరుగారే చూశారు. యోంటె వాడి పేరు."

"ఆ మాట ముందే చెప్పచ్చుగా. అన్నని చూశాక చెల్లెల్ని కాదంటామా? రేపు పొద్దున తొమ్మిదింటికి తీసుకురండి."

"చాలా థాంక్సండీ."

"నేనిక్కడ ఈమధ్యే చేరానమ్మా, అందుకే మీ బాబు నాకు తెలియదు. వాణ్ణీ వెంటబెట్టుకు రండి. టీకా ఏదైనా మిగిలుంటే ఒకేసారి అయిపోతుంది. ఎంత వయసు?"

"నాలుగు నెలలు."

"పాపని కాదమ్మా అడుగుతున్నది. అన్నకి."

"అన్నకే చెబుతున్నానండీ. నాలుగు నెలలు. అంతకు మించి పెరగలేదు వాడు. అయినా, దీనికి అన్నే కదండీ?"