పచ్చగా ఉన్న పెట్టె

అమలాపురం, ఎర్రవంతెన దగ్గర ఒక నెట్ సెంటరు. 2008 ఆగస్టు పద్ధెనిమిది, సోమవారం, ఉదయం పదిన్నర. ఇంటర్నెట్‌లో పదిమంది జట్టుగా ఆడే యుద్ధాల ఆటలో సాలమోను ట్యాంకు, అంటే ముందు నిలబడి రాక్షసుడి దెబ్బలన్నీ కాసేవాడు. అతని చెల్లెలు బిందు హీలరు, అంటే దెబ్బ తిన్నవాళ్ళకు వైద్యం చేసి నిలబెట్టే మనిషి. ఎవరికి ఎంత దెబ్బ తగిలిందో తెరమీద పెట్టెల్లో చూపించే చిన్న ప్రోగ్రాము యాడాన్‌ను ఆమెకు అమర్చి ఇచ్చింది సెంటరు యజమాని దుర్గాశ్రీనివాస్. ఆదివారం సాయంత్రం ఆటలో ముందుగా సాలమోను పడిపోయాడు. తర్వాత జట్టంతా పడిపోయింది.

“కూర్చోనండి. నిలబడే మాట్లాడతాను. ముందు ఆ నాలుగో నంబరు మిషను ఆన్ చెయ్యండి శ్రీనివాస్ గారూ.”

“ఆన్ చేస్తే మాత్రం చూడ్డానికి ఏముంటుందండి బిందు గారూ. నిన్న ఓల్టేజీ బాలేదు. లైను కూడా స్లోగా...”

“లైను స్లో అయితే అందరికీ స్లో అవ్వాలి కదండి. మిగిలిన తొమ్మిది పెట్టెలూ తగ్గేయి, పెరిగేయి. మా అన్నయ్య పెట్టె ఒక్కటే పడిపోయేదాకా పచ్చగా ఉంది.”

“మీరు చూసుకోలేదేమోనండి. అంత గొడవలో...”

“చూసుకోలేదా? ఎనిమిది నెలలనుంచి నేను చూసేది ఆ పెట్టెలేనండి. రాక్షసుడు ఎలా ఉంటాడో కూడా నాకు తెలీదు. వాడికి కొమ్ములున్నాయని మొన్నెవరో అంటే విన్నాను. పది పెట్టెలు, అంతే నా ఆట. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా అయితే పోతున్నట్టు. అంతేనా?”

“ఆయ్. అంతేనండి.”

“మరి పచ్చగా ఉన్నవాడు పడిపోతే తప్పు ఎవరిదండి? నాదా, పెట్టెలు పెట్టినవాళ్ళదా?”

“ఒకోసారి మౌసు బటన్ తప్పు నొక్కుతామండి. ఎడమది నొక్కబోయి కుడిది...”

“ఎడమ బటన్ చిన్న మందు. కుడి బటన్ పెద్ద మందు. షిఫ్టు పట్టుకుని నొక్కితే విషానికి విరుగుడు. మూడు శనివారాలు మీ పక్కన కూర్చుని పెట్టించుకున్నాను. అన్నం తినేటప్పుడు కూడా నా వేళ్ళు అవే నొక్కుతాయి. నాకు బటన్ల గురించి చెప్పకండి.”

“నేనెవరినీ తప్పనలేదు కదండి.”

“మీరనలేదు. మీ బావగారు అన్నారు. రాజేంద్రప్రసాద్ గారు. మైకులో, పదిమంది వింటుండగా. హీలరు గారు ఫోన్‌లో ఉన్నారేమో అన్నారు. నా ఫోను ఆ టైముకి ఛార్జింగుకని మీ బల్ల మీదే ఉంది. మీరు చూసేరు. చూసి కూడా మాట్లాడలేదు.”

“అప్పుడే ఎవరో ప్రింటవుటని వచ్చేరండి...”

“ప్రింటవుటు. సరే. మిషను ఆన్ చెయ్యండి.”

“చేస్తున్నానండి. టీ చెప్పనా?”

“టీ వద్దు. పన్నెండింటికి హైదరాబాదు నుంచి బుచ్చిరాజు గారు ఫోన్ చేస్తారు. జట్టు ఆయనది, మాట ఆయనది. ఏమన్నారో తెలుసా? ‘పడిపోయింది మీ అన్నయ్య. మీ అన్నయ్యనే అడుగుతాను. హీలరు తప్పని ఆయనంటే మీరు జట్టులో ఉండరు’ అన్నారు.”

“అన్నయ్య గారే కదండీ. మీమీద చెబుతారా ఏంటి?”

“చెప్పడు. కానీ అన్నయ్య దయమీద ఉండడం నాకు అక్కర్లేదు. తప్పు నాది కాదని రుజువు కావాలి. నేను ‘వెనక్కి రండి’ అంటే పదిమంది వెనక్కొచ్చే చోటు ఈ భూమ్మీద నాకు అదొక్కటే శ్రీనివాస్ గారూ. కాలేజీలో లేదు. ఇంట్లో అంతకన్నా లేదు. దాన్ని పోగొట్టుకోను. తెర వచ్చింది. పెట్టెలు చూపించండి.”

“ఇవిగోనండి.”

“మొదటి పెట్టె ఎవరిది?”

“బుచ్చిరాజు గారిదండి.”

“రెండోది?”

“మా బావగారిదండి.”

“మూడోది ఆయన తమ్ముడిది. మా అన్నయ్యది ఎక్కడుంది?”

“కిందండి. పదోది.”

“ఎందుకు పదోది?”

“ఏదో ఒక వరస పెట్టాలి కదండి. పెద్దవాళ్ళు, మర్యాద... సాలమోను గారు ఆఖర్న చేరేరు.”

“ఇవేమన్నా పెళ్ళిభోజనాలా అండి, మొదటి బంతి, ఆఖరి బంతీనా? తన్నులన్నీ తినేవాణ్ణి తీసుకెళ్ళి ఆఖరి బంతిలో కూర్చోబెడతారా?”

“అలా కాదండి...”

“ఎలా కాదండి? ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెయ్యి దానంతటదే పెట్టేస్తుంది. మేం ఎక్కడికొచ్చినా మా పెట్టె పదోదే.”

“ఆ మాట అనకండి బిందు గారూ. నా మనసులో అలాంటిదేమీ లేదండి.”

“నాకు కోపం అందుకేనండి. మనసులో పెట్టుకుని చేసుంటే దెబ్బలాడొచ్చు.”

“నాకూ నోరుందండి. ప్రతి రీస్టార్టుకీ మిషన్లన్నీ తుడిచేసే ప్రోగ్రాము పెట్టుకున్నాను సెంటర్లో. మీ యాడాన్ పోకూడదని ఈ నాలుగో నంబరుకి ఒక్కదానికి తీసేసేను. మీరు రాని రోజుల్లో కూడా ఇందులో ఎవర్నీ ఆటలు ఆడనివ్వలేదు. అంత చేసినవాణ్ణి పట్టుకుని బంతులూ అవీ అంటున్నారు. సరే, ఇదిగో, మొదటి పెట్టెకి మార్చేసేను. అయిపోయిందా?”

“అవ్వలేదు. కిందున్నా ఎర్రగా అవ్వాలి కదా. ఎందుకవ్వలేదు?”

“నాకు తెలీదండి.”

“మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ యాడాన్ ఎక్కడుంటుంది? నెట్‌లోనా?”

“కాదండి. ఈ మిషన్లోనే, ఫైళ్ళలో. అందుకే కదండి మిమ్మల్ని ఎప్పుడూ ఇక్కడే కూర్చోబెట్టేది. పక్క మిషన్లో కూర్చుంటే పెట్టెలే ఉండవు.”

“ఫైలు తెరవండి.”

“అదంతా ప్రోగ్రామండి. మీకు అర్థం...”

“అర్థం అవ్వక్కర్లేదు. మా అన్నయ్య పేరు ఎక్కడుందో వెతికితే చాలు. వెతకడం నాకూ వచ్చు. కీబోర్డు ఇటివ్వండి.”

“లాక్కోకండి, నేనే...”

“సాలమోను. ఎంటర్. ఇదిగో. ఇదేంటి? ఒక్క లైనులోనే ఉంది పేరు. చదవండి.”

“...పేరు సాలమోను అయితే, నూరు.”

“అంటే?”

“అంటేనండి, ఆయన ఒంట్లో ఎంత ఉన్నా సరే, పెట్టెలో మాత్రం ఎప్పుడూ నూటికి నూరు చూపించమని.”

“ప్రాణం పోతున్నా?”

“ఆయ్.”

“ఇది దానంతటదే వచ్చి కూర్చోదు కదండి.”

“రాదండి. ఎవరో రాయాలి.”

“రాసింది మీ బావగారు. ట్యాంకు అవుదామని ఆయనకి ఎన్నాళ్ళనుంచో ఉంది. మీరు తలుపు తీసేరు, ఆయన రాసి వెళ్ళేరు.”

“మా బావకి టైపింగే రాదండి. హాయ్ అని కొట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది.”

“నవ్వకండి.”

“నవ్వట్లేదండి.”

“ఫైలు ఆఖరుసారి ఎప్పుడు మార్చేరో తారీకు ఉంటుంది. మీరే చూపించేరు ఒకసారి, నా కాలేజీ ప్రాజెక్టప్పుడు. చూడండి.”

“ఆదివారం. నిన్న. ఉదయం తొమ్మిదీ నలభై రెండు.”

“ఆ టైముకి నేను చర్చిలో ఉన్నాను. ఈ మిషను ముందు ఎవరున్నారు?”

“గుర్తులేదండి.”

“రిజిస్టరు ఇవ్వండి.”

“అది ఇవ్వకూడదండి. పోలీసులొచ్చి అడిగితే తప్ప...”

“అయితే పోలీసుల్నే తీసుకొస్తాను. ఇవ్వండి.”

“బిందు గారూ, నా మాట వినండి. ఆ లైను తీసేస్తాను. బుచ్చిరాజు గారికి నేనే ఫోన్ చేసి చెబుతాను, యాడాన్ పెట్టడంలో నేనే పొరపాటు చేసేనని. మీ పేరు నిలబడుతుంది. అంతటితో వదిలెయ్యండి.”

“ఇంతసేపూ ఓల్టేజీ అన్నారు. బటన్ అన్నారు. ఇప్పుడు తప్పు మీమీద వేసుకుంటున్నారు. ఎవర్ని కాస్తున్నారండి మీరు?”

“మాటిచ్చేనండి.”

“ఎవరికి? వదలండి. రిజిస్టరు వదలండి. పదిహేడో తారీకు. నాలుగో నంబరు. తొమ్మిదీ ఇరవై నుంచి పది...”

“చదవకండి.”

“...ఇది మా అన్నయ్య సంతకం.”

“చెప్పొద్దన్నారండి.”

“రాజోలు వెళ్తున్నానన్నాడు. ఫ్రెండు వాళ్ళింట్లో పనుందన్నాడు. ఆరాధన మానేసి వెళ్తావా అని అమ్మ తిట్టింది కూడా.”

“మంచినీళ్ళు తాగండి.”

“వద్దు. ...హలో, అన్నయ్యా. ఎక్కడున్నావు? బస్టాండులోనా? నెట్ సెంటరుకి రా. కాదు, ఇప్పుడే. నువ్వొస్తావా, నన్ను రమ్మంటావా? రా.”

“ఆయన్ని కాస్త నెమ్మదిగా అడగండి బిందు గారూ.”

“అన్నయ్య రాస్తుంటే మీరు చూసేరా?”

“చూసేనండి. ఏదో సరదాకి అనుకున్నాను. సాయంత్రం ఆయన పడిపోయినప్పుడు అర్థమైంది.”

“మీ బావగారు నన్ను ఫోన్‌లో ఉందన్నప్పుడు?”

“అప్పటికి తెలుసండి.”

“మర్యాద తెలిసిన మనిషండి మీరు. తలుపు తియ్యండి. అదుగో, వచ్చేడు.”

“ఏంటి బిందూ, అంతలా అరిచేవు ఫోన్‌లో? బస్టాండులో నలుగురూ చూసేరు. నమస్తే శ్రీనివాస్ గారూ.”

“అన్నయ్యా, ఈ లైను ఎవరు రాసేరు?”

“ఏ లైను?”

“రిజిస్టరు నా చేతిలో ఉంది.”

“...శ్రీనివాస్ గారూ, మీకు చెప్పేను కదండి.”

“లాక్కున్నారండి.”

“ఆయన్ని ఎందుకు చూస్తావు? నన్ను చూడు. ఎందుకు రాసేవు? నన్ను జట్టులోంచి పంపించెయ్యడానికా? ఆడపిల్ల నెట్ సెంటర్లో కూర్చుంటోందని నీతో ఎవరన్నా అన్నారా?”

“అది కాదు.”

“మరేంటి?”

“నీకు అర్థం కాదు.”

“అర్థమయ్యేదాకా ఇక్కడే ఉంటాను. చెప్పు.”

“శుక్రవారం నువ్వు లైన్లోంచి వెళ్ళిపోయేక రాజేంద్రప్రసాద్ ఏమన్నాడో తెలుసా? సాలమోను నిలబడేది చెల్లెలి కొంగు పట్టుకుని అన్నాడు. అందరూ నవ్వేరు. బుచ్చిరాజు గారు కూడా నవ్వేరు. ప్రతిసారీ అంతే. గెలిస్తే హీలరు గారు బతికించేరంటారు. ముందు నిలబడేది నేను. తన్నులు తినేది నేను. పేరు నీది.”

“అందుకని?”

“అందుకని నువ్వు చెయ్యి వెయ్యకుండా ఒక్కసారి నిలబడి చూపిద్దామనుకున్నాను. నీకు చెబితే ఒప్పుకోవు. ఒప్పుకున్నా, పెట్టె ఎర్రగా అయితే నీ వేళ్ళు ఆగవు. అందుకే పచ్చగా పెట్టేను.”

“ఎంతసేపు నిలబడ్డావు?”

“కాసేపు.”

“ఎంతసేపు అన్నయ్యా?”

“పదకొండు సెకన్లు.”

“విన్నారా శ్రీనివాస్ గారూ? పదకొండు సెకన్లు. ఆ తర్వాత అరగంట నన్ను తిట్టేరు. నువ్వు నా పక్కనే, ఐదో నంబర్లో ఉన్నావు. నీ ఊపిరి నాకు వినపడుతోంది అన్నయ్యా. మాట వినపడలేదు.”

“చెబుదామనుకున్నాను.”

“ఇంటికొచ్చేక నేను ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నావు. పోనీలే, అందరికీ తప్పులు జరుగుతాయన్నావు. నా తల నిమిరేవు. ఆ చేత్తోనేనా ఇది రాసింది?”

“తప్పే బిందూ. ఒప్పుకుంటున్నాను కదా. ఇంకేం చెయ్యమంటావు?”

“నా దగ్గర ఒప్పుకుంటే ఏం లాభం? బుచ్చిరాజు గారి దగ్గర ఒప్పుకో.”

“పన్నెండింటికి ఆయనే చేస్తారు కదా. అప్పుడు చెబుతాను.”

“ఇప్పుడు. నా ఎదురుగా.”

“ఆఫీసులో ఉంటారు. ఈ టైములో బాగోదు.”

“నంబరు కొట్టేసేను. రింగవుతోంది. పట్టుకో.”

“ఏం చెప్పమంటావు?”

“జరిగింది చెప్పు. అంతే.”

“రాజేంద్రప్రసాద్‌కి తెలిసిపోతుంది బిందూ. అందరికీ తెలిసిపోతుంది.”

“తెలియనీ. అందరూ నన్ను తిట్టినప్పుడు నువ్వు అడ్డం పడ్డావా? ఎత్తేరు. మాట్లాడు.”

“హలో. నమస్తేనండి బుచ్చిరాజు గారూ. ఆయ్, సాలమోనునేనండి. చెల్లెలి ఫోనండి. ఆయ్. ఆయ్, అడిగేనండి. ఒప్పుకుందండి. ఇక ఆడనంటోందండి.”